సి.డి.4 అంటే ఏమిటి? రిపోర్టులోని అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?



హెచ్.ఐ.వి. ఉన్నవారి రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే మీలో చాలామంది మొదట వెతికేది సి.డి.4 అన్న మాట పక్కనున్న అంకె కోసం. అది పెరిగితే ముఖాలు వెలుగుతాయి. తగ్గితే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. "సిస్టరు గారూ, 500 దాటింది కదా, ఇక మందులు ఆపేయొచ్చా?" అని కొందరు సంతోషంగా అడుగుతారు. "మా ఆయనకి 180 అంట సిస్టరమ్మా, పిల్లల్ని దగ్గరికి రానివ్వచ్చా?" అని కొందరు గొంతు బాగా తగ్గించి అడుగుతారు. వార్డులో ఈ రెండు ప్రశ్నలు వినని వారం ఉండదు. సి.డి.4 అసలు ఏమిటో, మన శరీరంలో ఎక్కడ ఉంటుందో, అక్కడ దాని పనేమిటో తెలిస్తే ఈ రెండింటికీ జవాబు మీకే దొరుకుతుంది. కాస్త ఓపికగా చదవండి. మధ్యలో ఒకటి రెండు చోట్ల కష్టంగా అనిపిస్తే మళ్ళీ ఒకసారి చదవండి, లేదా డ్యూటీలో ఉన్న సిస్టరును అడగండి.

కణం ఒంటిమీద ఉండే గ్రాహకాలు

మన రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు ఉంటాయని మీకు తెలుసు. తెల్లకణాలు దేవుడు మన దేహంలో పెట్టిన కావలివాళ్ళు. వీటిలో టి కణాలు, బి కణాలు అనే రకాలు ఉన్నాయి. కావలివాడికి కళ్ళు, చెవులు ఉంటాయి. కణానికి అవి లేవు. మరి ఎదురుగా వచ్చింది మన మనిషో, దొంగో దానికి ఎలా తెలుస్తుంది?

తడిమి తెలుసుకుంటుంది. కణం చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలో వేలకొద్దీ ప్రోటీన్లు గుచ్చుకుని ఉంటాయి. ఒక్కొక్క దానికి ఒక కొస కణం బయటికి, ఇంకో కొస లోపలికి ఉంటుంది. బయటి కొసకు ఒక ఆకారం ఉంటుంది. ఆ ఆకారానికి సరిగ్గా సరిపోయే వస్తువు తగిలినప్పుడే అది అతుక్కుంటుంది, తాళానికి దాని తాళంచెవే పట్టినట్టు. అతుక్కోగానే లోపలి కొస కణానికి కబురు అందిస్తుంది. వీధి తలుపు దగ్గరున్న కాలింగ్ బెల్లును గుర్తు తెచ్చుకోండి. బటను బయట, గంట లోపల. ఇలాంటి ప్రోటీన్లనే గ్రాహకాలు అంటారు. డాక్టరు గారు రిసెప్టర్ అనేది దీన్నే.

సి.డి.4 అలాంటి ఒక గ్రాహకం. అంటే అది జబ్బు పేరు కాదు, వైరసు పేరూ కాదు. మీలోనూ నాలోనూ, పుట్టిన పసిబిడ్డలోనూ ఉంటుంది. తెల్లకణాల మీద ఇలాంటి గుర్తులు ఒక్కొక్కటిగా బయటపడుతున్న కాలంలో ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో పేరు పెట్టుకుని గందరగోళం అయింది. అప్పుడు 1982లో పారిస్ నగరంలో శాస్త్రజ్ఞులు సమావేశమై వాటికి సి.డి. అనే అక్షరాలతో వరుస నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ వరుసలో నాలుగవది సి.డి.4. పేరులో అంతకు మించి మర్మమేమీ లేదు.

గాజులు తొడిగే చేయి, పట్టుకునే చేయి

ఇప్పుడు దాని పని చూద్దాం. క్షయ క్రిమి ఒకటి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందనుకోండి. అక్కడ క్రిములను మింగే పెద్ద కణాలు కాచుకుని ఉంటాయి. అవి దాన్ని మింగి, ముక్కలు చేసి, ఒక చిన్న ముక్కను తమ ఒంటిమీద పళ్ళెంలో పెట్టినట్టు బయటికి చూపిస్తాయి. ఈ పళ్ళెం కూడా ఒక ప్రోటీనే. ఒక్కో మనిషికి ఒక్కో తీరుగా ఉంటుంది. కిడ్నీ మార్పిడికి ముందు హెచ్.ఎల్.ఎ. మ్యాచింగు చూస్తారే, అప్పుడు పోల్చి చూసేది ఈ పళ్ళేలనే. టి కణానికి క్రిమిని నేరుగా చూపిస్తే గుర్తుపట్టదు. మన పళ్ళెంలో పెట్టి చూపిస్తేనే గుర్తుపడుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే పీటర్ డోహర్టీ, రాల్ఫ్ జింకర్‌నాగెల్ అనే ఇద్దరికి 1996లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పళ్ళెంలోని ముక్కను పరీక్షించేది టి కణ గ్రాహకం. అది రెండు గొలుసులు జంటగా నిలబడినట్టు ఉంటుంది. మొదలు భాగం అన్ని టి కణాల్లో ఇంచుమించు ఒకే రకం. కొస మాత్రం ఒక్కో కణానికి ఒక్కో ఆకారం. అందుకే ఒక టి కణం క్షయ క్రిమి ముక్కను గుర్తుపడితే, ఇంకొకటి జలుబు వైరసు ముక్కను గుర్తుపడుతుంది. లోకంలో లెక్కలేనన్ని క్రిములున్నాయి. ఇన్ని ఆకారాలు మన శరీరం ఎక్కడి నుంచి తెచ్చింది? మన అమ్మమ్మలు బొంత కుట్టేవారు కదా. ఉన్నవి కొద్ది రకాల గుడ్డ పేలికలే. వాటిని అటూ ఇటూ మార్చి కలిపితే ఏ రెండు బొంతలూ ఒకేలా ఉండవు. మన కణాలు కూడా కొద్దిపాటి జన్యు ముక్కలను రకరకాలుగా కత్తిరించి, అతికి, లక్షల కొద్దీ ఆకారాలు తయారు చేసుకుంటాయి. ఈ పద్ధతిని మొదట బి కణాల్లో కనిపెట్టిన జపాన్ శాస్త్రజ్ఞుడు సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. టి కణాలదీ అదే పద్ధతి.

ఇలా ఇష్టమొచ్చినట్టు అతికితే మన సొంత శరీరాన్నే శత్రువు అనుకునే కణాలు కూడా తయారవుతాయి. అందుకని ఛాతీ ఎముక వెనక, గుండెకు పైన ఉండే థైమస్ అనే గ్రంథిలో వాటికి పరీక్ష పెడతారన్నమాట. పనికిరానివి, సొంతవారి మీద తిరగబడేవి అక్కడే చనిపోతాయి. చాలా భాగం తప్పేవే. నెగ్గినవే బయటికి వస్తాయి.

ఇంతకీ సి.డి.4 ఎక్కడ? గాజులమ్మే ఆమె మీ చేతికి గాజులు తొడగడం చూశారుగా. ఒక చేత్తో మీ మణికట్టును గట్టిగా పట్టుకుంటుంది. రెండో చేత్తో గాజు సరిపోతుందో లేదో చూస్తుంది. పట్టుకునే చేయి లేకపోతే తొడిగే చేయి పని సాగదు. ఇక్కడ టి కణ గ్రాహకం తొడిగి చూసే చేయి, సి.డి.4 పట్టుకునే చేయి. సి.డి.4 నాలుగు పూసలు ఒకదాని మీద ఒకటి గుచ్చినట్టు నిటారుగా ఉంటుంది. అది వెళ్ళి పళ్ళెం అంచును పట్టుకుంటుంది. దాని లోపలి కొస కూడా కణంలో గంట మోగడానికి సాయం చేస్తుంది. టి కణ గ్రాహకానికి సొంతంగా గంట లేదు. పక్కనే ఉండే సి.డి.3 అనే ప్రోటీన్లు, ఈ సి.డి.4 కలిసి ఆ కబురు లోపలికి చేరవేస్తాయి.

కబురు అందుకున్న సి.డి.4 కణం తానుగా క్రిమిని చంపదు. తాపీ పని దగ్గర మేస్త్రీ ఇటుక మోయడు కదా. కానీ మేస్త్రీ రాకపోతే కూలీలందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. సి.డి.4 కణం అలాంటి మేస్త్రీ. క్రిమిని మింగిన కణానికి "లోపలున్నదాన్ని చంపు" అని చెబుతుంది. బి కణాలకు "యాంటీబాడీలు తయారు చెయ్యి" అని చెబుతుంది. సి.డి.8 అనే గ్రాహకం ఉన్న కణాలు వైరసు పట్టిన కణాలను చంపే రకం. వాటికీ ఇది ఊతమిస్తుంది. మేస్త్రీలు తగ్గిపోతే ఈ పనులన్నీ ఒకేసారి కుంటుపడతాయి. హెచ్.ఐ.వి.లో ఒక జబ్బు కాక పది జబ్బులు ఎందుకు వస్తాయని అడుగుతుంటారు. కారణం ఇదే.

వైరసు చేతికి దొరికిన గడియ

1981లో అమెరికాలో కొందరు యువకులకు, ఆరోగ్యవంతులకు సాధారణంగా రాని ఒక రకం నిమోనియా వచ్చింది. వాళ్ళ రక్తం చూస్తే ఈ మేస్త్రీ కణాలే లేవు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె సినూసి, లూక్ మోంటన్యే బృందం దీనికి కారణమైన వైరసును కనుక్కున్నారు. 1984లో ఇంగ్లండులో ఒక బృందం, ఫ్రాన్సులో ఒక బృందం విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి. ఈ వైరసు కణంలోకి వెళ్ళడానికి పట్టుకునే గడియ సి.డి.4 గ్రాహకమే అని. మన దేశంలో మొదటి కేసులు 1986లో బయటపడ్డాయి. చెన్నైలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తాన్ని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో పరీక్షించారు. మన మిషన్ ఆసుపత్రుల పని ఈ జబ్బుతో అప్పటినుంచే ముడిపడి ఉంది.

వైరసు లోపలికి ఎలా వెళ్తుందో చెబుతాను. హెచ్.ఐ.వి. మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు ఉండే గుండ్రని వస్తువు. దాని ఒంటినిండా పుట్టగొడుగుల్లాంటి బొడిపెలు ఉంటాయి. బొడిపె తల పేరు జి.పి.120. ఆ తలమీద ఒక గుంట ఉంటుంది. మన సి.డి.4లోని పై పూస సరిగ్గా ఆ గుంటలో కూర్చుంటుంది. అంటే క్రిమిని పట్టుకోవడానికి సాయపడే చేతినే వైరసు పట్టుకుంటోందన్నమాట. నాకు ఇది చదివినప్పుడల్లా, కావలివాడికి చేయి కలుపుతున్నట్టు వచ్చి లోపల దూరే దొంగ గుర్తొస్తాడు.

అయితే ఒక్క పట్టు చాలదు. సి.డి.4కు అతుక్కున్న తరువాత బొడిపె ఆకారం మారుతుంది. అప్పుడు దాచిపెట్టుకున్న రెండో పట్టు బయటికి వస్తుంది. అది పక్కనున్న సి.సి.ఆర్.5 అనే ఇంకో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. మామూలుగా దీని పని వేరు. ఒంట్లో ఎక్కడ వాపు వచ్చిందో ఆ దిక్కుకు కణాన్ని నడిపించడం దాని పని. కొన్ని వైరసులు దీనికి బదులు సి.ఎక్స్.సి.ఆర్.4 అనే మరొకదాన్ని వాడుకుంటాయి. ఈ రెండో గడియ సంగతి 1996లో తెలిసింది. రెండు పట్లూ దొరికాక బొడిపె కాడలోంచి ఒక ములుకు బయటికి వచ్చి కణం పొరలో గుచ్చుకుంటుంది. వైరసు పొర, కణం పొర ఒకటైపోతాయి. లోపలి సరుకు కణంలోకి జారుతుంది.

లోపలికి వెళ్ళాక వైరసు తన జన్యుపదార్థాన్ని మన డి.ఎన్.ఎ. భాషలోకి మార్చి, మన కణం డి.ఎన్.ఎ. మధ్యలో అతికిస్తుంది. ఆ తరువాత ఆ కణం వైరసు తయారుచేసే కార్ఖానా అవుతుంది, చివరికి చనిపోతుంది. కొన్ని కణాలు మాత్రం అలాగే నిద్రపోతాయి. నెలలు, సంవత్సరాలు నిద్రపోతాయి. ఈ నిద్రపోయే కణాల మాట గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్ళీ పని పడుతుంది.

కలిసి తింటే, తాకితే ఎందుకు రాదు?

ఇప్పుడు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు వద్దాం. వైరసు ఒక మనిషిలో నిలదొక్కుకోవాలంటే సి.డి.4 ఉన్న సజీవ కణాన్ని చేరుకోవాలి. మన చర్మం పైపొర అంతా చనిపోయిన కణాలే. స్నానం చేసేటప్పుడు మట్టిలా రాలేది అదే. అక్కడ పట్టుకోవడానికి గడియా లేదు, తలుపూ లేదు. చేయి పట్టుకున్నా, ఒళ్ళు తుడిచినా, తల నిమిరినా వైరసుకు దారి దొరకదు. లాలాజలంలో వైరసు ఉంటే గింటే అతి తక్కువ, పైగా దాన్ని అడ్డుకునే పదార్థాలు లాలాజలంలోనే ఉన్నాయి. ఒకే కంచం, ఒకే గ్లాసు, ఒకే మరుగుదొడ్డి వాడితే రాదు. దోమలో మనిషి టి కణాలు ఉండవు, అది పీల్చిన రక్తంలోని వైరసు దాని కడుపులోనే అరిగిపోతుంది. అందుకే దోమ వల్ల మలేరియా వస్తుంది గాని హెచ్.ఐ.వి. రాదు.

వచ్చే దారులు వేరు. లైంగిక సంబంధం, రక్తం, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడటం, తల్లి నుండి బిడ్డకు గర్భంలో, కాన్పులో, పాల ద్వారా. ఈ దారులన్నింటిలోనూ వైరసు నేరుగా రక్తంలోకో, పలుచని తడి పొరల కిందనున్న సి.డి.4 కణాల దగ్గరికో చేరుతుంది. పుండు మీద రక్తం శుభ్రం చేయవలసి వస్తే గ్లౌజులు వేసుకోండి. ఇది హెచ్.ఐ.వి. ఉన్నా లేకపోయినా ఎవరి రక్తం విషయంలోనైనా పాటించేదే.

కొందరి ఇళ్ళలో రోగి కంచానికి గోళ్ళరంగుతో గుర్తు పెట్టి విడిగా బోర్లించి ఉంచుతారు. దానివల్ల ఇంట్లో ఎవరికీ ఒక్క పిసరు రక్షణ రాదు. అన్నం తినవలసిన మనిషి మాత్రం ఆ గుర్తు చూసి సగం తిని లేస్తాడు. కుష్ఠురోగిని మన ప్రభువు ముట్టుకున్నాడని ఆదివారం వింటాం, సోమవారం కంచం విడిగా పెడతాం. ఈ మాట కఠినంగా ఉంటే క్షమించండి. దేశంలో చట్టం కూడా ఉంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపడం నిషేధం.

అంకెను ఎలా చదవాలి

సి.డి.4 పరీక్షలో చేసేది ఇంతే. సి.డి.4 గ్రాహకానికి మాత్రమే అతుక్కునే ఒక యాంటీబాడీకి మెరిసే రంగు కడతారు. దాన్ని రక్తంలో కలిపి, లేజరు వెలుతురు ముందు కణాలను వరుసగా పంపుతారు. మెరిసిన కణాలను యంత్రం లెక్కపెడుతుంది. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో, అంటే ఒక చిన్న బొట్టులో కొద్ది భాగంలో, ఎన్ని ఉన్నాయో రిపోర్టులో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో సాధారణంగా 500 నుండి 1500 వరకు ఉంటాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు ఈ కణాలు సహజంగానే ఎక్కువ. కాబట్టి వాళ్ళకు అంకె కన్నా శాతం చూస్తారు. పిల్లవాడి రిపోర్టును నాన్న రిపోర్టుతో పోల్చకండి.

ఇంకో సంగతి. మన ఒంట్లోని ఈ రకం తెల్లకణాల్లో రక్తంలో తిరిగేవి నూటికి సుమారు రెండే. మిగతావి పేగుల గోడల్లో, లింఫు గ్రంథుల్లో (మెడలోనూ గజ్జల్లోనూ బిళ్ళలు కడతాయే, ఆ చోట్లలో), ప్లీహంలో ఉంటాయి. మనం లెక్కపెట్టేది రోడ్డుమీద కనిపించే కొద్దిమందినే. ఊరిలో ఎంతమంది ఉన్నారో దానిని బట్టి అంచనా వేస్తున్నాం. పొద్దున తీసిన రక్తానికీ సాయంత్రం తీసినదానికీ తేడా వస్తుంది. జ్వరం వచ్చినా, గర్భం ధరించినా అంకె తగ్గుతుంది. పోయినసారి 420, ఈసారి 385 వస్తే అది తగ్గినట్టు కాదు. 420 నుంచి 200కు దిగితే అప్పుడు డాక్టరు గారు కారణం వెతుకుతారు.

200 కన్నా తగ్గినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. నిమోనియా, నోటిలో తెల్లపూత వంటివి వస్తాయి. 100 కన్నా తగ్గితే మెదడుపొరలకు వాపు తెచ్చే శిలీంధ్రం వంటివి వచ్చే భయం ఉంది. తగ్గని తలనొప్పి, వాంతులు, మాట తడబడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. కోట్రైమాక్సజోల్ మాత్రలు రాసిచ్చేది ఇలాంటి జబ్బులు రాకుండానే. "జ్వరం లేదుగా, ఈ మాత్ర ఎందుకు" అని పక్కన పెట్టవద్దు. క్షయ విషయంలో మాత్రం అంకెను నమ్ముకోవద్దు. 400 ఉన్నా రావచ్చు. ఎందుకంటే క్షయ క్రిమిని మింగిన కణానికి చంపమని చెప్పవలసింది ఈ మేస్త్రీయే. దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా చెప్పండి. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది క్షయే.

అంకె పెరిగింది, మందు ఆపవచ్చా?

ఆపకూడదు. ఎందుకో ఇప్పుడు మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మన జాతీయ కార్యక్రమంలో ఎక్కువమందికి ఇచ్చేది టి.ఎల్.డి. మాత్ర. అందులో టెనోఫొవిర్, లామివుడిన్, డొలుటెగ్రవిర్ అనే మూడు మందులుంటాయి. మొదటి రెండూ వైరసు తన జన్యుపదార్థాన్ని డి.ఎన్.ఎ.గా మార్చుకోకుండా ఆపుతాయి. మూడవది దాన్ని మన డి.ఎన్.ఎ.లో అతికించకుండా ఆపుతుంది. ఇవి రోజూ రక్తంలో ఉన్నంతకాలం కొత్త కణాలకు వైరసు పట్టదు. మేస్త్రీలు బ్రతికి, పెరుగుతారు. అంకె పెరిగింది మందు పనిచేస్తున్నందువల్లే. కానీ ముందే వైరసు అతికి నిద్రపోయిన కణాలున్నాయని చెప్పానే, వాటిని ఈ మందులు ముట్టుకోలేవు. మందు ఆపితే నిద్రలేచిన ఏ కొద్ది కణాలైనా చాలు. మామూలుగా కొద్ది వారాల్లోనే వైరసు రక్తంలో మళ్ళీ కనిపిస్తుంది. కొన్నాళ్ళు వేసుకుని కొన్నాళ్ళు మానేవారికి ఇంకో కష్టం ఉంది. సగం మందులో బ్రతకడం నేర్చుకున్న వైరసుకు తరువాత ఆ మందు పనిచేయదు.

మందు మొదలుపెట్టిన మొదటి నెలల్లో కొందరికి ఒక్కసారిగా జ్వరం, బిళ్ళలు కట్టడం, దగ్గు ఎక్కువవడం జరుగుతుంది. "మందు పడలేదు" అని ఇంట్లోవాళ్ళే ఆపేయిస్తారు. చాలాసార్లు జరిగేదేమిటంటే, అప్పటిదాకా మేస్త్రీలు లేక గుట్టుగా దాగిన క్షయ వంటి క్రిమిని, కొత్తగా లేచిన కణాలు ఇప్పుడు గుర్తుపట్టి పోరాడుతున్నాయి. అది చూడవలసిన విషయమే, కాని ఇంట్లో తీర్పు చెప్పవలసింది కాదు. రోగిని తీసుకుని రండి.

ఉచిత ఎ.ఆర్.టి. మందులు మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు మొదట ఇచ్చారు, వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో సి.డి.4 బాగా, అంటే 200 కన్నా, తగ్గితేనే మందు మొదలుపెట్టేవారు. ఆ హద్దు క్రమంగా పెంచుతూ వచ్చి 2017 నుండి పూర్తిగా తీసేశారు. ఇప్పుడు పరీక్షలో ఉందని తేలితే, అంకె 800 ఉన్నా మందు ఇస్తారు. పాత రోజులు గుర్తున్న పెద్దవాళ్ళు "ఇంకా 200కి దిగలేదుగా, తొందరేముంది" అంటారు. ఆ మాట వినవద్దు. సి.డి.4 తగ్గేదాకా ఆగడమంటే మేస్త్రీలు సగం చచ్చేదాకా ఆగడమే.

పూర్తిగా నయమవుతుందా?

తలుపు గడియనే తీసేస్తే ఎలా ఉంటుందని మీకు తట్టే ఉంటుంది. శాస్త్రజ్ఞులకూ తట్టింది. ఉత్తర ఐరోపా సంతతివారిలో నూటికి ఒకరి వరకు పుట్టుకతోనే పనిచేసే సి.సి.ఆర్.5 గ్రాహకం లేనివారున్నారు. ఈ గ్రాహకాన్ని వాడుకునే వైరసు వాళ్ళ కణాల్లోకి పోలేదు. మన దేశంలో అటువంటివారు చాలా అరుదు. బెర్లిన్‌లో ఉంటున్న తిమోతి రే బ్రౌన్ అనే అమెరికా దేశస్థుడికి హెచ్.ఐ.వి.తోపాటు రక్త క్యాన్సరు వచ్చింది. 2007లోనూ మళ్ళీ 2008లోనూ, ఈ గ్రాహకం లేని ఒక దాత మూలకణాలను ఆయనకు ఎక్కించారు. కొత్తగా పుట్టిన కణాలకు ఆ గడియ లేదు. మందులు ఆపినా వైరసు తిరిగి రాలేదు. ఆయన 2020లో చనిపోయింది క్యాన్సరు తిరగబెట్టి, హెచ్.ఐ.వి. వల్ల కాదు. ఆ తరువాత లండన్‌లో ఇంకొకరికి కూడా ఇలాగే నయమైందని 2019లో ప్రకటించారు. ఇలాంటివారు లోకం మొత్తంమీద వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఆ చికిత్స ప్రాణాలకే ప్రమాదం. క్యాన్సరు కోసం తప్పనిసరై చేశారు గాని హెచ్.ఐ.వి. కోసం ఎవరికీ చేయరు. సి.సి.ఆర్.5ను మూసే మరావిరాక్ అనే మాత్ర 2007 నుండి ఉంది. అదీ వైరసును ఆపుతుందే గాని, నిద్రపోయిన కణాలను ఏమీ చేయదు.

కాబట్టి బస్టాండు గోడమీద "ఎయిడ్స్‌కు శాశ్వత నివారణ" అని పోస్టరు చూస్తే, మీరు ఇప్పుడు ఒక ప్రశ్న అడగగలరు. నిద్రపోతున్న కణంలో అతికి ఉన్న వైరసును నీ మందు ఎలా తీస్తుందని అడగండి. వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. పుస్తెలు తాకట్టు పెట్టి అలాంటి చోట్లకు వెళ్ళి, అసలు మందు మాని, 60కి దిగిన అంకెతో స్ట్రెచరు మీద వచ్చినవారిని మేము చూస్తూనే ఉన్నాము.

మన సంఘాల్లో ఇంకో మాట వినిపిస్తుంది. ప్రార్థన చేయించాం, స్వస్థత కలిగింది, ఇక మాత్ర వేసుకుంటే అవిశ్వాసం అని. నేను రోగుల కోసం ప్రతి పూటా ప్రార్థన చేసేదాన్నే. ప్రార్థన చేసిన నోటితోనే మాత్ర మింగమని చెబుతాను. స్వస్థత కలిగిందని మీరు నమ్మితే మందు వేసుకుంటూనే పరీక్ష చేయించండి. మందు వేసుకుంటున్నవారిలో వైరల్ లోడ్ కనిపించనంత తగ్గుతుంది. అది వైరసు పోయిందనడానికి గుర్తు కాదు, అణగి ఉందనడానికి గుర్తు. అలా అణగి ఉన్నంతకాలం లైంగికంగా భాగస్వామికి అంటదని పరిశోధనల్లో తేలింది. అంతకన్నా ఏ ఇంటికి మంచి వార్త కావాలి?

రాబోయే పరీక్షల గురించి ఒక సంగతి చెప్పాలి. సి.డి.4 బాగా పెరిగి, వైరల్ లోడ్ అణగి ఉందని తేలినవారికి డాక్టరు గారు మాటిమాటికీ సి.డి.4 పరీక్ష రాయరు. వైరల్ లోడే చూస్తారు. మేస్త్రీలు ఎంతమంది మిగిలారో సి.డి.4 చెబితే, మందు ఎలా పనిచేస్తోందో వైరల్ లోడ్ ముందుగా చెబుతుంది. "పోయినసారి చేశారు, ఈసారి చేయలేదు, మమ్మల్ని పట్టించుకోవడం లేదు" అని బాధపడకండి. మీరు వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, ఎ.ఆర్.టి. పుస్తకం, మిగిలిన మాత్రల డబ్బా తీసుకుని రండి. గ్యాసుకో, రక్తహీనతకో, క్షయకో వేరే చోట మందులు వాడుతుంటే అవి కూడా తప్పకుండా చూపించండి. గ్యాసు మందులు, ఐరన్ మాత్రలు టి.ఎల్.డి.లోని డొలుటెగ్రవిర్‌ను ఒంటికి పట్టనీయకపోవచ్చు. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డొలుటెగ్రవిర్ మోతాదు పెంచవలసి ఉంటుంది.